మామ మూయలేని విమానం

మా మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను పూతలపట్టు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. హెడ్మాస్టరు గదిలో ఫోను, అవతల మా ఆయన. "నాయన పోయినాడు, వచ్చెయ్" అని మాత్రం అన్నాడు. ఎలా పోయాడని అడిగేలోపే పెట్టేశాడు. చేతికంటిన సుద్ద కూడా కడుక్కోకుండా రోడ్డు మీదికి వచ్చాను. తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఎలాగో ఒకదాంట్లో ఎక్కాను. ఎవరో సీటిస్తే కూర్చోలేకపోయాను, లేచి నిలబడితే నిలబడలేకపోయాను. దారిలో డ్రైవరు టీ తాగడానికి దిగితే కిటికీలోంచి తల బయటపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మనిషి గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చి బండి తీశాడు. పాపం, అతనికేం తెలుసు.

ఇంటికి చేరేసరికి మామ వరండాలో బల్ల మీదే ఉన్నాడు. నడకకు బయల్దేరబోతూ ఒక కాలికి బూటు వేసుకున్నాడట. రెండోది చేతిలో పట్టుకుని అలాగే గోడకు ఒరిగిపోయాడట. "మంచాన పడకుండా పోయినాడు, పుణ్యాత్ముడు" అని వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. అది నిజమే. మామ మంచాన పడి ఉంటే ఆ మంచానికి కూడా నరకమే.

మామ అంటే మా ఆయన తండ్రి. కర్మాంతరం నాడు భోజనాలయ్యాక మామ అన్న కొడుకు ఒకాయన టీవీ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ విమానాన్ని చేతిలోకి తీసుకుని, "కడాకు బొమ్మలతో ఆడుకుంటా పోయినాడబ్బా మా చిన్నాయన" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ప్రేమతోనే నవ్వారు, కాదనను. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అతని చేతిలోంచి విమానం లాక్కుని లోపలికి తీసుకుపోయి బీరువాలో పెట్టాను. పక్కనే ఉన్న అతని భార్య మొహం చూస్తే, దీనికేమన్నా పిచ్చి పట్టిందా అన్నట్టుంది.

అప్పటినుంచీ నాకు మనసు ఒకచోట నిలవడం లేదు. అది బొమ్మ కాదని చెప్పాలని ఉంది. చెప్పాలంటే మామ నాకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్పాలి. చెప్పొద్దని ఆయన నాతో అనలేదు, చెప్పమనీ అనలేదు. ఎంత ఆలోచించినా ఒక దారికి రాలేదు గానీ, పదిమందీ నవ్వుకోవడం కంటే తెలుసుకోవడమే మేలనిపించి రాస్తున్నాను.

మామ వాయుసేనలో పనిచేసి వచ్చినవాడు. పైలట్ కాదు, విమానాలు బాగుచేసే మెకానిక్. చుట్టాలెవరైనా "విమానం తోలినాడు" అని గొప్పగా చెప్పబోతే మధ్యలోనే ఆపేవాడు. "నేను తోల్లేదబ్బా. తోలేవాడికి బోల్టులు బిగించినా" అనేవాడు. సర్వీసు అయ్యాక చిత్తూరు వచ్చి, చక్కెర ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేసి, అదీ మానేశాడు. నేను కోడలిగా వచ్చేనాటికి మా అత్త లేదు. మామ ఇంట్లోనే ఉండేవాడు.

ఇంట్లో ఉండేవాడు అనడం తప్పు. ఉండలేకపోయేవాడు. పొద్దున కాఫీ తాగి, బూట్లు వేసుకుని, తిరుపతి బస్సెక్కేవాడు. అక్కడ కొండెక్కడు, గుడికి పోడు. బస్టాండు చుట్టూ తిరిగి, ఇంకో కాఫీ తాగి, వచ్చే బస్సులో తిరిగొచ్చేవాడు. తిరుపతిలో ఏం పని మామా అంటే, ఏం లేదు, పోయొచ్చినా అనేవాడు. బస్సులో కూడా ఊరు ఇంకా దూరం ఉండగానే లేచి తలుపు దగ్గర నిలబడేవాడట. పగలు ఆయన కునుకు తీయడం నేను చూసి ఎరగను. మా అమ్మ ఒకసారి వచ్చి రెండు రోజులుండి, "మీ మామ కాళ్ళకు చక్రాలుండాయేమే" అని బుగ్గలు నొక్కుకుంది.

కొత్తల్లో నన్ను అన్నిటికంటే విసిగించింది ఆయన పద్ధతి ఒకటి. గ్యాసు బండ మార్చినా, ఫ్యూజు తీగ వేసినా, ఊరికి పోతూ తలుపుకు తాళం వేసినా, ఆ పని చేసినవాళ్ళు కాకుండా ఇంకొకరు వచ్చి చూడాలి. చూసి, "చూసినాను, సరిగ్గా ఉండాది" అని నోరు తెరిచి చెప్పాలి. తల ఊపితే ఒప్పుకోడు. వాయుసేనలో అదే ఆచారమట. విమానంలో ముఖ్యమైన చోట ఒకరు బిగిస్తే, రెండోవాడు వచ్చి చూడాలి. అతను చూశానని చెప్పాకే ఆ మూత మూయాలి. దీనికి మామ పెట్టుకున్న పేరు రెండో కన్ను. "చేసినోడి కంటికి తప్పు కనపడదు మ్మా" అనేవాడు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, నేను పోయి ఆ ఫ్యూజు చూసి రావాలి. ఒకసారి ఓపిక పట్టలేక, ఇది ఇల్లు మామా, విమానం కాదు అని అరిచాను. "ఇంట్లో ఉండేదీ మనుషులే గదా" అన్నాడు నింపాదిగా. గొణుక్కుంటూ పోయి చూసొచ్చాను.

అలా ఉండగా ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. ముందు కాఫీ గ్లాసుతో తెలిసింది, తర్వాత గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. డాక్టరు మందులు రాసి, వేళ్ళకు ఏదైనా సన్నపని అలవాటు చెయ్యమన్నాడు. మా ఆయన బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ పనిమీద మద్రాసు పోయినప్పుడు ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. పెట్టె మీద యుద్ధవిమానం బొమ్మ. లోపల ప్లాస్టిక్ పుల్లలకు అతుక్కుని ఉన్న చిన్నచిన్న ముక్కలు. వాటిని కత్తిరించి, నునుపు చేసి, అతికించి, రంగు వేస్తే డెబ్భై ఒకటి యుద్ధంలో మనవాళ్ళు నడిపిన చిన్న విమానం తయారవుతుంది. మామ పనిచేసింది సరిగ్గా ఆ విమానాల మీదే. నాయన ఎగిరి గంతేస్తాడని మా ఆయన అనుకున్నాడు. మామ పెట్టె తిప్పితిప్పి చూసి, "ఈ బొమ్మ గీసినోడు దీని కింద ఎప్పుడూ నిలబడినట్టు లేదే" అని అటక మీద పెట్టేశాడు. బూట్లు వేసుకుని తిరుపతి బస్సెక్కాడు.

మళ్ళీ ఆ పెట్టెను తీసింది ఎండాకాలంలో. బడికి సెలవులు, నేను ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ ఏమీ అనకుండా ఒకరోజు తనే అటక మీంచి దించి, కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. ముక్కలు కత్తిరించడానికి గోళ్ళ కత్తెర, గీకడానికి బ్లేడు, రుద్దడానికి ఉప్పుకాగితం, పట్టుకోవడానికి నా కనుబొమల పట్టకారు. ఒక చెక్క మీద ఆ సామాన్లన్నీ పరిచి, ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. పని అయ్యాక ఏ వస్తువు గీతలో ఆ వస్తువు ఉండాలి. ఖాళీ గీత కనిపిస్తే ఏదో పోయినట్టు. ఒకరోజు నేను పాలపాకెట్టు కొయ్యడానికి ఆ బ్లేడు తీసుకున్నాను. అంతే, ఇల్లంతా గాలించాడు. చాప ఎత్తించాడు, పరుపు దులిపించాడు. బ్లేడు వంటింట్లో దొరికాక కూడా చాలాసేపు ఆయన మొహంలో రంగు తిరిగి రాలేదు. చాదస్తం ముదిరింది అనుకున్నాను.

ఆయన చేతి వణుకుతో ఆ పని చూడాలంటే నాకే చెమటలు పట్టేవి. మోచేయి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, వణుకు కాస్త ఆగిన క్షణం చూసి ముక్క పెట్టేవాడు. పెట్టెలో వచ్చిన జిగురు మధ్యలో గట్టిపడిపోతే నీళ్ళ పైపులు అతికించే జిగురు వాడాడు. దాంతో ఒక రెక్క అంచు కరిగి ముడుచుకుపోయింది. అయ్యో అన్నాను. దెబ్బతిన్న రెక్కలతో తిరిగొచ్చి దిగినవి చాలా చూశానని, దాన్ని అలాగే ఉంచాడు. మంచి జిగురు మళ్ళీ మద్రాసు నుంచి తెప్పించాం.

విమానం బాడీ కందిబద్దల్లాగా రెండు సగాలుగా వచ్చింది. పెట్టెలోని కాగితంలో, ఆ రెండూ అతికించే ముందు ముక్కు లోపల బరువు పెట్టాలని బొమ్మ వేసి ఉంది. మామ ఆ కాగితం వైపు చూడలేదు. ఈ విమానం గురించి ఇంకొకరు తనకు చెప్పడమేమిటని ఆయన ధీమా. చక్రాలు పెట్టి, రెండు సగాలనూ రబ్బరు బ్యాండ్లతో బిగించి, ఎలా ఉంటుందో చూద్దామని బల్ల మీద నిలబెట్టాడు. అది ముక్కు పైకెత్తి, తోక మీద చతికిలబడింది. నేను పడీపడీ నవ్వాను. నిజం విమానంలో ఇంజనూ తుపాకులూ అన్నీ ఉంటాయి కాబట్టి దాని మూడు చక్రాల మీద అది నిలబడుతుంది. బోలు ప్లాస్టిక్కుకు ఏముంది? నిజం విమానాన్ని ఎరిగినవాడే చేసే పొరపాటు అది, నాలాంటిదైతే కాగితంలో చెప్పినట్టు చేసి ఉండేది. మామ కూడా నవ్వాడు. ఎన్ని విమానాలు చూసినా కూర్చున్న విమానాన్ని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు వినపడటం అరుదు.

మర్నాడు సైకిలు షాపుకు పోయి ఉక్కు గోళీలు తెచ్చాడు, చక్రం ఇరుసులో వేసేవి. వాటిని ముక్కులో జిగురుతో అంటించి, మళ్ళీ రబ్బరు బ్యాండ్లు వేసి చేతిలోకి తీసుకున్నాడు. జిగురు ఇంకా ఆరినట్టు లేదు. ఒక గోళీ ఊడింది. ఆయన చేయి వణుకుతోంది కదా, విమానం లోపల గోళీ గలగలమంటూనే ఉంది. ఊపకుండానే మోగుతోంది. మామ దాన్ని కింద పెట్టలేదు. పెట్టాలన్న సంగతే మరిచిపోయినట్టు నిలబడిపోయాడు. ఆ చప్పుడు ఆగాలని నేనే ఆయన చేతిలోంచి తీసుకున్నాను. గోళీ ఊడింది మామా, అంతేగదా అన్నాను.

"అంతే కాదు మ్మా" అన్నాడు.

ఆ రోజు చెప్పాడు. యుద్ధం నడుస్తోంది. పంజాబు వైపు ఎక్కడో విమానాల స్థావరం. తిరిగొచ్చిన విమానాన్ని గబగబా చూసి, ఇంధనం నింపి, మళ్ళీ పంపాలి. మామ ఒక విమానం పక్కనున్న మూత తీసి లోపల ఏదో బిగిస్తున్నాడు. సైరను మోగింది. రెండో మనిషి వచ్చి చూడాలి, రాలేదు, అతను ఇంకో విమానం దగ్గర ఉన్నాడు. పైలట్ పరిగెత్తుకొచ్చి ఎక్కేశాడు. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రవాడట. మామ తనే మూత మూసి, పక్కకు దూకాడు. విమానం లేచిపోయింది. అప్పుడు నడుముకున్న సంచి తడుముకుంటే చిన్న స్క్రూడ్రైవర్ లేదు.

ఆ విమానం తిరిగి రాలేదు. శత్రువు కాల్చేశాడని చెప్పారు. మామ ఆ నేలంతా మోకాళ్ళ మీద పాకి వెతికాడు. దొరకలేదు. స్టోర్సులో ఇంకో స్క్రూడ్రైవర్ ఇచ్చారు. ఆ గందరగోళంలో పాతది ఏమైందని ఒక్కరూ అడగలేదు.

అంత చిన్నదానికి విమానం పడుతుందా అని అడిగాను. పడొచ్చు, పడకపోవచ్చు అన్నాడు. తోకను ఆడించే కడ్డీల మధ్య ఇరుక్కుంటే పడుతుంది, ఇంకెక్కడన్నా ఉంటే దాని పాటికది ఉంటుంది. అసలు లోపల పడిందో, గడ్డిలో పడిందో కూడా తెలియదు. అత్తకు చెప్పావా మామా అన్నాను. లేదన్నాడు.

"అడిగినోళ్ళకు చెప్దామనే ఉన్నా మ్మా. ఎవురూ అడగలా."

మనిషి ఎందుకు ఒకచోట కూర్చోలేడో, ఎందుకు ఉత్తపుణ్యానికి తిరుపతి పోయొస్తాడో నాకు అప్పుడు తెలిసింది. తెలిసి నేను చేసిందేముంది? మా ఆయనకు కూడా చెప్పలేదు. కడుపులో పెట్టుకుని నేనూ తిరగడం మొదలుపెట్టాను. బళ్ళో బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఏ లెక్కకైనా చివర్న ఒక జవాబు ఉంటుందని పిల్లలకు చెప్పే మనిషిని, దీనికి జవాబు ఎక్కడ తెచ్చేది? కాల్చేశారనే అనుకో మామా అని ఒకటి రెండుసార్లు అన్నాను. అనుకుంటా మ్మా అనేవాడు నన్ను ఊరుకోబెట్టడానికి.

విమానం మాత్రం మూతపడలేదు. ఊడిన గోళీని మళ్ళీ అంటించాడు. ఏదీ కదలకుండా ఉందో లేదో సూదితో పొడిచి చూశాడు. రెక్కలకు రంగు వేశాడు, తోకకు వేశాడు. బాడీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. రోజూ పొద్దున రెండు సగాలూ చేతిలోకి తీసుకోవడం, టార్చి వేసి చూడటం, మళ్ళీ పెట్టెలో పెట్టేయడం. వానలు వచ్చిపోయాయి. చేతి వణుకు ఎక్కువైంది. బస్సు ఎక్కడం కష్టమై, బూట్లు వేసుకుని వరండాలోనే ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగేవాడు. రాను రాను కాఫీ నేను తాగించాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ విమానాన్ని ఆయన చేత్తో పట్టుకోలేడు. ఇప్పుడు మూయకపోతే ఇక మూయలేడు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఒక ఆదివారం నాకు తిక్కరేగింది. ఆయన టార్చి వేసి చూసి మళ్ళీ పెట్టెలో పెట్టబోతుంటే చేయి అడ్డం పెట్టాను. ఈరోజు మూస్తావా, లేకపోతే దీన్ని తీసుకుపోయి చెత్తలో పారెయ్యనా మామా అన్నాను. అన్నాక నాకే భయమేసింది. ఆయన కోపగించుకోలేదు. కుర్చీలోంచి లేచి, నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. టార్చి నా చేతికిచ్చాడు.

"నువ్వు సూడు" అన్నాడు.

చూశాను. బూడిదరంగు ప్లాస్టిక్, ముక్కులో గోళీలు, అక్కడక్కడా ఎండిన జిగురు. ఇంకేముంటుంది.

"ఏమన్నా ఉండాదా?"

తలెత్తి చూస్తే మామ నిటారుగా నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పక్కలకు ఆనించుకున్నాడు, కుడిచేయి మాత్రం తొడ మీద వణుకుతోంది. ఆయన అడిగేది ఈ ప్లాస్టిక్కును గురించి కాదు. మళ్ళీ వంగి, ఈసారి నిజంగా చూశాను. ముక్కు నుంచి తోక దాకా ప్రతి మూలా టార్చి వేసి, వేలు పట్టిన చోటల్లా వేలు పెట్టి తడిమి చూశాను.

"చూసినాను మామా. లోపల ఏమీ లేదు. సరిగ్గా ఉండాది."

ఆయన నా చేతిలోంచి టార్చి తీసుకుని ఆర్పాడు.

"అయితే మూసెయ్ మ్మా" అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ విమానంలో ఏమీ లేదు. ఆ రోజు లేచిపోయిన విమానంలో ఏముందో నాకెలా తెలుస్తుంది? తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పానా, చెప్పే హక్కు నాకుందా అని ఇప్పటికీ ఒక్కోసారి నిద్ర పట్టదు. ఆ కుర్రవాడి తల్లి ఎక్కడుందో, ఆమెకు ఎవరేం చెప్పారో. మామకు మాత్రం ఎవరో ఒకరు చూసి చెప్పాల్సి ఉండింది. నేనున్నాను, నేను చూశాను.

అంచులకు జిగురు రాసి రెండు సగాలూ కలిపాను. రబ్బరు బ్యాండ్లు ఎండలకు పెళుసెక్కి ఒకటి తర్వాత ఒకటి తెగిపోయాయి. జిగురు పట్టేదాకా చేత్తోనే ఒత్తిపట్టుకోవాలి, కదిలించకూడదు అన్నాడు మామ. సరేనన్నాను. ఆయన నా ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. కాసేపు నా వేళ్ళ వైపే చూశాడు. తర్వాత దిండు మీదికి ఒరిగాడు. ఇంకాసేపటికి గురక వినిపించింది.

పట్టపగలు మామ నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. బొజ్జ మీద పెట్టుకున్న కుడిచేయి కదలడం లేదు. నిద్రలో ఆ వణుకు ఆగిపోతుందని నాకు అంతవరకూ తెలియదు.

అంతలో వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. కొళాయి నీళ్ళు. మా చిత్తూరులో ఆ రోజుల్లో నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు, వచ్చినప్పుడు పట్టుకోకపోతే మళ్ళీ ఎన్ని రోజులకో. "టీచరమ్మా, నీళ్ళొచ్చినాయి" అని పక్కింటావిడ గోడ మీంచి పిలిచింది. మళ్ళీ పిలిచింది. బయట మా ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. పలికితే మామ లేస్తాడు. నేను లేస్తే విమానం విచ్చుకుంటుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, వీపు లాగేస్తోంది. కొళాయి ధార సన్నబడటం వినిపిస్తోంది. నీళ్ళు ఆగిపోయాయి, వీధి సద్దుమణిగింది. మామ అటు తిరిగి పడుకున్నాడు. నేను ఆ విమానాన్ని అలాగే ఒత్తిపట్టుకుని కూర్చున్నాను.